ఎదురు ప్రశ్న అడిగేదెవరు?

(డిగ్రీ కళాశాలల్లో కొత్తగా మెంటర్, అంటే కొందరు విద్యార్థులకు చదువు సలహాదారు, బాధ్యత తీసుకున్న అధ్యాపకుల శిక్షణ కార్యక్రమంలో ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే, మంచిది.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. విద్యార్థులకు చదువు విషయంలో సలహా ఇచ్చేటప్పుడు సాంకేతికతతో వచ్చే సవాళ్లు. నేను ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. 11 రోజుల సంగతి. అది చెప్పాక మిగతావి మాట్లాడుకుందాం.

కొన్నేళ్ల కిందట మా కళాశాలలో హాజరు కోసం ఒక యాప్ తెచ్చారు. మొదటి పీరియడ్‌లో అధ్యాపకుడు ఫోనులో హాజరు వేస్తాడు. నెలాఖరులో ఎవరు ఎన్ని రోజులు రాలేదో అదే లెక్కగట్టి, తల్లిదండ్రుల నంబరుకు సందేశం పంపుతుంది. మనిషి చెయ్యి పడనక్కర్లేదు. మేమందరం సంతోషించాం, నేను కూడా. రిజిస్టర్లు కూడి, శాతాలు కట్టి, చేతులు నొప్పిపుట్టిన వాళ్లం కదా.

నా మెంటర్ జాబితాలో ఒక అమ్మాయి ఉండేది. రెండో సంవత్సరం, బీఎస్సీ. పేరు చెప్పను. ఆ నెల ఆమె తండ్రికి ఇంగ్లీషులో ఒక సందేశం వెళ్లింది. మీ కుమార్తె ఈ నెలలో 11 రోజులు కళాశాలకు రాలేదు అని. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఫోను తీసుకుని కిరాణా కొట్టుకు వెళ్లి, అక్కడి కుర్రాడితో చదివించుకున్నాడు. కొట్టు దగ్గర ఇంకో నలుగురున్నారు. రోజూ పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని బస్సెక్కే అమ్మాయి 11 రోజులు కళాశాలకు పోలేదు! మరి ఎక్కడికి పోయింది? ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు. ఐదో రోజు ఆమె స్నేహితురాలు ల్యాబ్ బయట నిలబడి, "మేడమ్, దాన్ని ఇంట్లోంచి పంపడం లేదు" అంది.

అప్పుడు నేను యాప్ తెరిచాను. ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు ఉంది. ఆ గుర్తును నేను అంతకు వారం ముందే చూశాను. చూసి, తీరిక దొరికినప్పుడు మాట్లాడదాంలే అనుకున్నాను. ఇది మీ ముందు ఒప్పుకోవాలి.

అసలు జరిగిందేమిటి? వాళ్ల ఊరి బస్సు వేళ మారింది. మొదటి పీరియడ్ 9:45కి. కొత్త వేళ ప్రకారం ఆ బస్సు మా ఊరు చేరేసరికి పదీ పది. ఆమె పరుగెత్తుకొచ్చి రెండో పీరియడ్‌లో కూర్చునేది. సాయంత్రం దాకా అన్ని తరగతులూ వినేది. కానీ యాప్‌కు మొదటి పీరియడే రోజంతా. ఆ పీరియడ్‌లో లేకపోతే ఆ రోజు లేనట్టే.

మా ల్యాబ్‌లో ఇప్పటికీ కాగితం రిజిస్టరే. పిల్లలు వచ్చి సంతకం పెట్టాలి. నేను ఆ 11 తేదీలూ వెతికాను. ఏడు తేదీల్లో నా ల్యాబ్ రిజిస్టర్‌లో ఆమె సంతకం ఉంది. మిగిలిన నాలుగింటికి తోటి అధ్యాపకులను అడిగి వాళ్ల పరీక్ష కాగితాలు, నోట్సు దిద్దిన తేదీలు తీసుకున్నాను. ఇవన్నీ సంచిలో పెట్టుకుని ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లాను.

ఆమె తండ్రి మర్యాదగా కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇప్పించాడు. నేను చెప్పినదంతా విన్నాడు. విని ఒకే మాట అడిగాడు: "మెసేజి అబద్ధం చెబుతుందా మేడమ్?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రిజిస్టర్ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆ అమ్మాయి సంతకం తెలుగులో చేస్తుంది. ఆయన వేలు పెట్టి ఒక్కో గడీ కిందికి దిగుతూ, ప్రతి సంతకం దగ్గరా ఆగాడు. ఏడుసార్లు ఆగాడు. చివరికి, "ఇది మా పిల్ల రాతే" అన్నాడు. మర్నాడు ఆమె కళాశాలకు వచ్చింది.

మిత్రులారా, ఆ యాప్‌లో సాంకేతిక లోపం ఏమీ లేదు. దానికి మనం ఏం చెప్పామో అదే చేసింది. లోపించింది ఒక్క ప్రశ్న. "ఎందుకమ్మా, మొదటి పీరియడ్‌కు రావడం లేదు?" ఆ సందేశం పోవడానికి ముందు ఎవరో ఒకరు ఈ మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ అడగాల్సింది నేను.

సలహా ఇవ్వడం అంటే జవాబు చెప్పడం అని మనలో చాలామంది అనుకుంటాం. నా ఇరవై ఆరేళ్ల అనుభవంలో నాకు అర్థమైంది వేరు. విద్యార్థి ఒక ప్రశ్న అడుగుతాడు, మనం వెంటనే జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న అడుగుతాం. అక్కడ మొదలవుతుంది సలహా. ఆ ఎదురు ప్రశ్నకు మన కళాశాలల్లో చోటు ఎలా తగ్గిపోతోందో ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను.

మొదటి సలహాదారు ఎవరు?

ఇప్పుడు మిమ్మల్నొకటి అడుగుతాను. మన డిగ్రీ విద్యార్థికి చదువు విషయంలో మొట్టమొదట సలహా ఇచ్చేది ఎవరు? మెంటరా? ప్రిన్సిపలా? ఇంటర్‌లో చెప్పిన లెక్చరరా?

నెట్ సెంటర్ యజమాని.

నవ్వకండి, నిజం చెబుతున్నాను. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి. అంతకుముందు ఎలా ఉండేదో మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఏ కళాశాలకు ఆ కళాశాల దరఖాస్తు కొనుక్కోవాలి, వరుసలో నిలబడాలి, జాబితా అంటించే రోజు మళ్లీ పోవాలి. ఆడపిల్లను అన్ని ఊళ్లు తిప్పడం ఎందుకని దగ్గరున్న దాంట్లోనే చేర్పించేవారు. ఇప్పుడు ఫీజు కట్టి నమోదు చేసుకుంటే రాష్ట్రంలో ఎక్కడి కళాశాలకైనా ఆప్షన్ పెట్టుకోవచ్చు. ఇది చిన్న మేలు కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పుడు డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే. నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాదు, ముందే చెబుతున్నాను.

కానీ వెబ్ ఆప్షన్లు పెట్టే ఆ పది నిమిషాలు చూశారా ఎప్పుడైనా? నేను చూశాను. ఒక జూన్ నెలలో పనిగట్టుకుని వెళ్లి ఒక నెట్ సెంటర్‌లో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఇరుకు గది, మూడు కంప్యూటర్లు, తలుపు దాకా పిల్లలు. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ ఫోను పొలం దగ్గరున్న తండ్రి చేతిలో ఉంటుంది. పిల్ల ఇక్కడి నుంచి ఇంకొకరి ఫోనుతో మాట్లాడి, ఆ అంకెలు చెప్పించుకుంటుంది. అంతలో గడువు అయిపోతుంది. మళ్లీ మొదటికి. ఆ కంప్యూటర్ ముందున్న అబ్బాయి మంచివాడే, చెమటలు కక్కుతూ పనిచేస్తున్నాడు. ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి ఇవ్వలేడు. "బైపీసీనా? మార్కులెన్ని? ఏ ఊళ్లో కావాలి?" మూడు ప్రశ్నలు. తర్వాత వరసగా టిక్కులు.

ఈ మూడు ప్రశ్నల్లో లేని నాలుగో ప్రశ్న ఏమిటి? "డిగ్రీ అయ్యాక ఏం చేయాలనుకుంటున్నావమ్మా?"

ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్ల ఏమవుతుందో చెబుతాను. నా దగ్గరికి మూడో సంవత్సరం చివర్లో ఒక అబ్బాయి వచ్చాడు. "మేడమ్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తాను, ప్రవేశ పరీక్షకు ఏ పుస్తకాలు చదవాలి?" అని. వేరే కళాశాల విద్యార్థి. నీ గ్రూపు ఏమిటి నాన్నా అంటే, బాటనీ, జువాలజీ, కంప్యూటర్ అప్లికేషన్స్ అన్నాడు. డిగ్రీలో కెమిస్ట్రీ లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఉండాలి. ఆ తలుపు మూడేళ్ల కిందట ఒక నెట్ సెంటర్‌లో, ఒక టిక్కుతో మూసుకుపోయింది. మూసుకుపోయిన సంగతి ఈ మూడేళ్లలో వాడికి ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్ అని పేరుంటే ఉద్యోగం వస్తుందని ఆ రోజు ఎవరో అన్నారట. వాడిని కూర్చోబెట్టి వేరే దారులు చెప్పాను. బాటనీ ఉంది, జువాలజీ ఉంది, బీఎడ్‌లో జీవశాస్త్రం ఉంది. కానీ వాడు కోరుకున్నది అది కాదు కదా. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "ఇది ముందే ఎవరైనా చెప్పొచ్చు కదా మేడమ్" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది.

ఏ గ్రూపు ఏ తలుపు తెరుస్తుంది, ఏ తలుపు మూస్తుంది, ఇది చెప్పడమే అసలు పని. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చారు. అక్కడ పనిచేసే మిత్రులతో మాట్లాడుతుంటాను. మేజర్ ఒకటే అయినప్పుడు దానికి తోడుగా చదివే మైనర్ ఎంపిక ఎంత కీలకమో పద్దెనిమిదేళ్ల పిల్లకు ఎవరు చెబుతారు? తెర మీద పేర్ల జాబితా కనిపిస్తుంది. ఏ పేరు వెనక ఏముందో తెర చెప్పదు.

దోస్త్ అంటే స్నేహితుడు. మంచి పేరు పెట్టారు. స్నేహితుడు అన్నాక "ఎందుకు?" అని అడుగుతాడు కదా. ఆ అడిగే మనిషిని ఆ తెర పక్కన నిలబెట్టడం మన పని. హెల్ప్‌లైన్ కేంద్రాలున్నాయి, కాదనను. కానీ అక్కడికి వచ్చేది ఆధార్‌లో పేరు తప్పు పడినవాళ్లు, ఓటీపీ రానివాళ్లు. గ్రూపు ఏది తీసుకోవాలని అడగడానికి అక్కడికి ఎంతమంది వస్తున్నారు?

రెండు నీలం టిక్కులు

సరే, పిల్లలు చేరారు. మనకు మెంటర్ జాబితా వచ్చింది. మొదటి పని ఏం చేస్తాం? వాట్సాప్ గ్రూపు. మీలో ఎంతమందికి మెంటర్ గ్రూపు ఉంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరికీ. ఆ గ్రూపులో గత నెలలో ఒక విద్యార్థి ఒక్క ప్రశ్న అడిగినవారు చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... అంతే.

నా గ్రూపులోనూ ఇదే. పరీక్ష ఫీజు గడువు పెడతాను, స్కాలర్‌షిప్ గడువు పెడతాను, విశ్వవిద్యాలయం సర్క్యులర్ పీడీఎఫ్ పెడతాను. రెండు నీలం టిక్కులు పడతాయి. ఇద్దరు ముగ్గురు "ఓకే మేడమ్" అంటారు. చెప్పేశాం అని మనం అనుకుంటాం. కానీ అరవై మంది చూసే చోట "నాకు ఇది అర్థం కాలేదు" అని ఏ పిల్ల రాస్తుంది? అందులోనూ ఆ ఫోను ఎవరిది?

ఇది గట్టిగా చెప్పాలి. ఆ ఫోను ఎవరిది? ఒక ఏడాది మొదట్లో నా జాబితాలోని పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగాను, ఈ నంబరు ఎవరి దగ్గర ఉంటుంది అని. అమ్మాయిల్లో సగం మంది కంటే ఎక్కువే అన్నయ్య దగ్గరో, నాన్న దగ్గరో, ఒక అమ్మాయైతే బాబాయి దగ్గరో అన్నారు. నేను "అమ్మా, నీ బ్యాక్‌లాగ్ సంగతి ఏమైంది?" అని రాస్తే ముందు చదివేది అన్నయ్య. ఆ అమ్మాయి నుంచి జవాబు రాలేదని బాధ్యత లేని పిల్ల అనుకుంటాను. ఆమెకు ఆ సందేశం వచ్చిందని కూడా తెలియదు. ఫోను ఉన్నంత మాత్రాన ఆ పిల్ల మనకు అందుబాటులో ఉన్నట్టు కాదు. నేను దీన్ని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను, మీరు మొదటి నెలలోనే తెలుసుకోండి.

ఇంకొకటి భాష. కొన్ని విశ్వవిద్యాలయాల ఫలితాల్లో చివర "ప్రమోటెడ్" అని వస్తుంది. మనకు తెలుసు, అంటే పై సెమిస్టర్‌కు వెళ్లవచ్చు, కొన్ని పేపర్లు ఇంకా మిగిలే ఉన్నాయి అని. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లకు ఆ మాట ఏమని వినిపిస్తుంది? ప్రమోషన్ అంటే మంచిదే కదా! ఒక తల్లి నాకు స్వీటు తెచ్చి ఇచ్చింది మిత్రులారా, కూతురు ప్రమోటెడ్ అయిందని. ఆ డబ్బా చేతిలో పట్టుకుని, రెండు పేపర్లు తప్పిన సంగతి ఆ తల్లికి ఎలా చెప్పాలి? ఆ ఫలితం పేజీ తయారుచేసిన వారికి ఒక్క వాక్యం తెలుగులో చేర్చడం ఎంత పని? "ఈ పేపర్లు మళ్లీ రాయాలి." అంతే కదా. లక్షల రూపాయలు పెట్టి పోర్టళ్లు కడుతున్నాం, ఈ ఒక్క వాక్యం ఎందుకు రాయలేకపోతున్నాం?

తర్వాత క్రెడిట్ల బ్యాంకు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. విద్యార్థి పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు ఖాతాలో జమ అవుతాయి, గరిష్ఠంగా ఏడేళ్ల దాకా నిలవ ఉంటాయి. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది. ఎందుకంటే పెళ్లయి మధ్యలో ఆగిపోయిన అమ్మాయిలను నేను చాలామందిని చూశాను. వాళ్లకు ఇది తిరిగొచ్చే దారి. కానీ ఏం జరుగుతోంది? పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకచోట "లక్ష్మి" అని, ఇంకోచోట ఒక ఇంగ్లీషు అక్షరం ఎక్కువ. ఖాతా తెరుచుకోదు. పేర్లు సరిదిద్దించడంలో నాకు ఒక సెమిస్టర్‌లో మెంటర్ గంటలన్నీ పోయాయి. పిల్ల నా ఎదురుగా కూర్చుని ఉంది, నేను తెర వైపు చూస్తూ అక్షరాలు పోల్చుకుంటున్నాను. ఆ క్రెడిట్లు దేనికి పనికొస్తాయో, ఏడాదికి ఆపేస్తే ఏమిటి, రెండేళ్లకు ఆపేస్తే ఏమిటి అన్నది చెప్పనేలేదు. ఖాతాలు తెరిచినవారి శాతం మాత్రం పైకి పంపాం.

అట్లాంటాలో ఏం చేశారు?

ఎవరైనా అడగవచ్చు, మరి విదేశాల్లో ఇదంతా బాగా నడుస్తోంది కదా అని. అడగాలి కూడా. అమెరికాలో అట్లాంటా నగరంలో జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం ఉంది. పేద ఇళ్ల నుంచి, ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారు ఎక్కువగా చదివే చోటు. 2003లో అక్కడ ఆరేళ్లలో పట్టా పూర్తి చేసేవారు 32 శాతమే. వాళ్లు 2012లో ఒక విధానం మొదలుపెట్టారు. పాత విద్యార్థుల రికార్డులన్నీ తవ్వి, ఏ తప్పటడుగు చదువు ఆగిపోవడానికి దారితీస్తుందో గుర్తించారు. 800కు పైగా హెచ్చరికలు తయారుచేశారు. తన మేజర్‌కు పనికిరాని కోర్సులో చేరితే ఒక హెచ్చరిక, మొదటి కీలకమైన పేపర్లో మార్కు తగ్గితే ఒక హెచ్చరిక. 2014 నాటికి పట్టా పూర్తి చేసేవారు 54 శాతానికి చేరారు.

దీన్ని చెప్పి మనకు సాఫ్ట్‌వేర్లు అమ్మడానికి వచ్చేవారు ఒక సంగతి చెప్పరు. ఆ హెచ్చరికల విధానంతో పాటే ఆ విశ్వవిద్యాలయం 42 మంది సలహాదారులను కొత్తగా నియమించింది. ఒక్కో సలహాదారుకు దాదాపు 300 మంది విద్యార్థులు వచ్చేలా చేసింది. హెచ్చరిక వస్తే సలహాదారు ఆ విద్యార్థిని పిలిచి మాట్లాడాలి, అదీ వాళ్ల పని. వాళ్ల పూర్తికాలం పని అదే. పాఠం చెప్పి, ల్యాబ్ చూసి, ఎన్నికల విధులకు పోయి, కళాశాలల నాణ్యత చూసే నాక్ సంస్థకు ఫైళ్లు రాసి, మిగిలిన అరగంటలో చేసే పని కాదు.

ఆ కథలోంచి మనం యంత్రాన్ని తెచ్చుకుని మనుషులను అక్కడే వదిలేశాం. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఎర్ర గుర్తులు ఎన్ని వస్తే ఏం లాభం? గుర్తు వచ్చింది, చూసేవారు లేరు. చూసినా అడిగే తీరిక లేదు. నా 11 రోజుల కథ ఇదే కదా.

అక్కడ ఇంకో సంగతి కూడా బయటపడింది. 2021లో ది మార్కప్ అనే వార్తాసంస్థ పరిశోధించి రాసింది. అమెరికాలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు వాడే ఇలాంటి ఒక సాఫ్ట్‌వేర్, విద్యార్థి ప్రమాదంలో ఉన్నాడా లేదా అని లెక్కగట్టేటప్పుడు జాతిని కూడా ఒక కొలతగా తీసుకుంటోందని తేలింది. మార్కులన్నీ ఒకటే అయినా నల్లజాతి విద్యార్థి పేరు పక్కన ప్రమాదం ఎక్కువగా కనిపించవచ్చు. ఇప్పుడు మన దరఖాస్తు ఫారం గుర్తుచేసుకోండి. అందులో ఏమేం గడులున్నాయి? కులం, తండ్రి వృత్తి, వార్షికాదాయం, ఇంటర్ ఏ మాధ్యమం. పాత లెక్కలన్నీ ఒక యంత్రానికి ఇస్తే అది ఏం నేర్చుకుంటుంది? తెలుగు మాధ్యమంలో చదివిన, కూలి ఇంటి ఆడపిల్లకు మొదటి రోజే, ఇంకా ఒక్క పాఠం వినకముందే, ఎర్ర గుర్తు పెట్టడం నేర్చుకుంటుంది. ఆ గుర్తు చూసిన సలహాదారు ఏమంటాడు? "నీకు ఫిజిక్స్ కష్టం అమ్మా, తేలికైన గ్రూపు తీసుకో." ఈ మాట మనుషులు అంటే ఎదురు చెప్పవచ్చు. కంప్యూటర్ చెప్పిందంటే ఎవరు ఎదురు చెబుతారు? మెసేజి అబద్ధం చెబుతుందా అని ఆ తండ్రి అడిగింది గుర్తుందా?

అందుకే మీ కళాశాలకు ఇలాంటిది ఏదైనా వస్తే, కొనే ముందు అడగండి. దీనికి ఏ గడులు ఇస్తున్నాం? ఎర్ర గుర్తు ఎందుకు వచ్చిందో ఇది చెబుతుందా? ఆ గుర్తు ఎవరెవరికి కనిపిస్తుంది? మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. మన మొదటి సంవత్సరం విద్యార్థుల్లో చాలామంది 17 ఏళ్లవాళ్లు. వాళ్ల వివరాలు ఎక్సెల్ షీటులో పెట్టి గ్రూపుల్లో పంపుకునే అలవాటు మానుకోవాలి. కులం, ఆదాయం, ఫోను నంబరు, అన్నీ ఒకే షీటులో! దయచేసి మానేయండి.

ఇక కృత్రిమ మేధ గురించి అడుగుతారని తెలుసు. పిల్లలు ఇప్పుడు ముందు దాన్నే అడుగుతున్నారు. మొన్న ఒక అబ్బాయి నాకు ఫోను చూపించాడు. బీఎస్సీ తర్వాత బీఎడ్ చేసి ఫిజికల్ సైన్స్ టీచర్ కావచ్చా అని తెలుగులో అడిగాడు. చక్కటి తెలుగులో జవాబు వచ్చింది. కావచ్చు, ప్రవేశ పరీక్ష రాయాలి, రెండేళ్లు చదవాలి అని. తప్పు లేదు. కానీ ఆ అబ్బాయి గ్రూపులో ఫిజిక్స్ లేదు, కెమిస్ట్రీ కూడా లేదు. అది "నీ గ్రూపు ఏమిటి?" అని అడగలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చింది. మనవాడు అడగని ప్రశ్నలో ఉంది వాడి భవిష్యత్తు.

వాడకూడదని నేను అనను. ఏడుగంటలకు బస్సు దిగి ఇంటికి చేరిన పిల్లకు రాత్రి పదింటికి సందేహం వస్తే మనం ఉండం కదా. జార్జియా స్టేట్‌లోనే 2016లో కొత్తగా చేరబోయే పిల్లల కోసం సందేశాలకు జవాబిచ్చే చాట్‌బాట్ పెట్టారు. ఒక్క వేసవిలో రెండు లక్షలకు పైగా ప్రశ్నలకు జవాబిచ్చింది. సీటు వచ్చి కూడా చేరకుండా ఆగిపోయేవారు తగ్గారు. ఫీజు గడువు, కాగితాలు, తేదీలు, ఇవి యంత్రం చెప్పనివ్వండి. హాయిగా చెప్పనివ్వండి. అప్పుడు మిగిలే సమయం మనదై ఉండాలి. మన దగ్గర ఆ సమయాన్ని కూడా ఇంకో పోర్టల్ తినేస్తోంది. పిల్లతో పది నిమిషాలు మాట్లాడి, మాట్లాడినట్టు రుజువుకు ఫోటో తీసి, ఫోటో అప్‌లోడ్ చేయడానికి ఇరవై నిమిషాలు. నాక్ వారు ఒక్కో మెంటర్‌కు ఎంతమంది విద్యార్థులని అడుగుతారు. ఆ అంకె అందరం రాస్తాం. ఆ పిల్ల ఏమందో రాసే గడి ఏ ఫారంలోనూ లేదు.

మా కళాశాలలో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. గొప్పవేమీ కావు. ఆ సంఘటన తర్వాత ప్రిన్సిపల్ గారితో మాట్లాడాం. నెలాఖరు సందేశం ఇప్పుడు నేరుగా ఇంటికి పోదు. ముందు మెంటర్‌కు వస్తుంది. మెంటర్ పిల్లతో మాట్లాడి, రెండు రోజుల్లో సరే అంటేనే వెళుతుంది. తెలుగులో వెళుతుంది. ఆ రెండు రోజుల్లో చాలా సందేశాలు ఆగిపోయాయి. బస్సు, పత్తి ఏరడం, ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో ఉండడం, కారణం ఏదో ఒకటి బయటికి వచ్చింది. ఇంకొకటి, గ్రూపులో పీడీఎఫ్ పెట్టినప్పుడు దాని కింద ఒక నిమిషం నా గొంతుతో తెలుగులో చెప్పి పెడుతున్నాను. చదవని పిల్లలు వింటున్నారు. వాళ్ల అమ్మలు కూడా వింటున్నారట, అది నేను అనుకోలేదు. మూడోది, వెబ్ ఆప్షన్ల రోజుల్లో మా మూడో సంవత్సరం అమ్మాయిలు నలుగురు ఊళ్లోని రెండు నెట్ సెంటర్ల దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నారు. యజమానులు సంతోషంగా ఒప్పుకున్నారు, వాళ్లకూ పని తేలికైంది. ఆ నలుగురి దగ్గర ఒకే కాగితం ఉంటుంది, ఏ గ్రూపు చదివితే ఏ పీజీకి, ఏ బీఎడ్ సబ్జెక్టుకు పోవచ్చో అందులో ఉంటుంది. ఆ కాగితం చూపించే ముందు ఒక ప్రశ్న అడగాలని వాళ్లకు చెప్పాను. ఏ ప్రశ్నో మీకు తెలుసు.

ఆ కాగితం నకళ్లు తెచ్చాను, ఆ చివర బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. మీ విశ్వవిద్యాలయం నిబంధనలతో ఒకసారి సరిచూసుకోండి, కొన్ని మారుతుంటాయి. భోజనం తర్వాత అందరూ మీ మెంటర్ జాబితా ఉన్న ఫోను గానీ ల్యాప్‌టాప్ గానీ తీసుకుని ఇక్కడికే రండి. ఫోను నంబరు గడి పక్కన ఇంకో గడి చేర్చుదాం. "ఈ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?" ఆ గడి నింపడానికి మీరు పిల్లలను ఒక్కొక్కరినే పిలవాల్సి వస్తుంది, గ్రూపులో అడిగితే కుదరదు. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనక ఉన్న అమ్మాయి చెయ్యెత్తింది, మైకు అటు ఇవ్వండి.